తాబేళ్ళ బదులు నివాళి

"నేను పోయానని మీ చానెల్లో చెబుతున్నారు. మరి ఇక్కడ కాఫీ తాగుతున్నదెవరు?"

ఫోన్లో ఆ గొంతు వినగానే ప్రొడ్యూసరమ్మాయికి ముచ్చెమటలు పోశాయి. ఆ గొంతు ఎవరిదో తెలియనివాళ్ళుండరు. పొట్టి-పొడుగు హాస్యజంటలో పొట్టాయనది. ఆ జంట సినిమాలు చూసి ఎన్నో దేశాల జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఎదురుగా తెర మీద ఆయన నివాళి చిత్రం దర్జాగా నడుస్తోంది. అంతర్జాతీయ వార్తా చానెల్ అన్నాక, వయసు మళ్ళిన ప్రముఖులందరికీ ఇలాంటివి ముందే తీసి పెట్టుకుంటారు. తోటివాళ్ళ చేత నాలుగు మంచి మాటలు కూడా ముందే చెప్పించి ఉంచుతారు. ఎవరి చెడూ కోరి కాదు, కబురు రాగానే వేసుకోవడానికి. నిజానికి మధ్యాహ్నం వార్తలయ్యాక సముద్రపు తాబేళ్ళ మీద డాక్యుమెంటరీ రావాలి. ఆ రోజు కార్యక్రమాలన్నీ వరసగా ఎక్కిస్తూ మన అమ్మాయి పక్క ఫైలు నొక్కింది. తాబేళ్ళు బతికిపోయాయి, పొట్టాయన పోయాడు.

చానెల్ డైరెక్టర్ తన గదిలోంచి ఊడిపడ్డాడు.

"అప్పుడే రెండు దేశాల మంత్రులు సంతాపం తెలిపారు! ఇప్పుడేం చేద్దామంటావమ్మా?"

"పొరపాటైందని చెప్పేద్దాం సార్."

"మనం చెబితే ఎవరు నమ్ముతారు? ఆయనే కెమెరా ముందుకొచ్చి ఉన్నానని చెప్పాలి. సాయంత్రం ఆరు గంటల వార్తల్లోకి ఆయన రాకపోతే, రేపు నీ కుర్చీలో ఇంకొకరుంటారు."

కెమెరామన్‌ని వెంటబెట్టుకుని లైవ్ వ్యాన్‌లో ఆమె ఆయనింటికి పరిగెత్తింది. ముందు గది నిండా జనం. బల్ల మీద ఆయన ఫోటో, చుట్టూ పూలు. పక్కన కుర్చీలో ఆయన భార్య రుమాలుతో ముఖం కప్పుకుని కూర్చుంది. భౌతికకాయం ఏదని ఎవరైనా అడిగితే, "ఆస్పత్రి నుంచి రావాలి" అంటోంది. ప్రొడ్యూసరమ్మాయిని చూసి రుమాలు కొంచెం తొలగించింది.

"వెనక గదిలో ఉన్నారమ్మా. గట్టిగా మాట్లాడనివ్వకు, నాకు నవ్వాగడం లేదు."

వెనక గదిలో పొట్టాయన స్టూలెక్కి, తలుపు మీది అద్దంలోంచి తొంగిచూస్తున్నాడు.

"క్షమించండి సార్, పెద్ద పొరపాటు..."

"ష్! మా నిర్మాత ఏడుస్తున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు."

"మీ కాళ్ళు పట్టుకుంటాను సార్. కెమెరాలో ఒక్క మాట..."

"ఇప్పటికిప్పుడు బతకమంటే ఎలా అమ్మాయ్? రావలసినవాళ్ళు ఇంకా ఉన్నారు."

"ఎవరు సార్?"

"వాడు."

పొడుగాయన! పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయని లోకమంతటికీ తెలుసు.

"మీ చిత్రంలో వాడు నా గురించి చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. 'వాడు లేకపోతే నేను సగమే' అన్నాడు. ఆ ముక్కేదో నా మొహమ్మీద అనడానికి వాడికేం రోగం?" అన్నాడు పొట్టాయన. కళ్ళల్లోని చిలిపితనం ఎటో పోయింది. "కెమెరా ముందు ఎవరైనా ఏడుస్తారు. పైగా వాడు నటుడు. ఇక్కడికొచ్చి ఏడుస్తాడేమో చూడాలి. ఈలోపు నన్ను బతికించావంటే కోర్టుకెళతాను."

చేసేదేముంది? ఆమె గోడకి చేరగిలబడి సెల్‌ఫోన్లో తన చానెల్ చూసుకుంటూ కూర్చుంది. వ్యాపార వార్తలైపోయాయి. క్రీడలైపోయాయి. ప్రపంచ వాతావరణం మొదలైంది. మధ్యమధ్య డైరెక్టర్ ఫోన్లు.

"బతికాడా?"

"ఇంకా లేదు సార్."

పొట్టాయన స్టూలు దిగితే ఒట్టు. "ఆ పూలు చూడు, నిన్న ఎవరి పెళ్ళిలోనో మిగిలినట్టున్నాయి" అంటాడు. "ఆ మూల నిలబడ్డావిడ ఒకప్పుడు నా పక్కన హీరోయిన్‌గా చెయ్యనంది. ఇప్పుడు చూడు ఆ రాగాలు!" అని మురిసిపోతాడు.

ఆరు కావస్తుండగా ఆయనే స్టూలు దిగాడు. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించాడు.

"ఇంక రాడులే. కెమెరా పెట్టించు అమ్మాయ్. ఉన్నానని చెప్పేస్తాను."

ఆ మాట కోసమే ఆమె అంతసేపూ బతిమాలింది. తీరా అన్నాక మనసు చివుక్కుమంది.

"ఇంకాసేపు చూద్దాం సార్" అనేసింది, తన కుర్చీని తనే తన్నుకుంటూ.

ముందు గదిలో సందడి ఠక్కున ఆగిపోయింది. గుమ్మంలో తల వంచి, చేతికర్ర పట్టుకుని ఓ ముసలాయన లోపలికొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. ఫోటో ముందు నిలబడి కాసేపు చూశాడు. చూసి చూసి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"నీ పేరే ముందు వేయించుకోరా... లేచి రారా..."

పొట్టాయన ఇక ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని, "ఒరేయ్!" అంటూ పరిగెత్తాడు. జనం కెవ్వుమన్నారు. నిర్మాత ఉన్నచోటే కూలబడ్డాడు. పొట్టాయన, పొడుగాయన ఒకరినొకరు వాటేసుకుని తిట్టుకుంటూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు. కెమెరామన్ అప్పటికే లైవ్ మొదలుపెట్టేశాడు. ఆరు గంటల వార్తల్లో ప్రపంచమంతా ఆ కౌగిలింతే చూసింది.

"కెమెరా పక్కకి తిప్పారంటే చంపేస్తా! అలాగే ఉంచండి!" అని ఫోన్లో డైరెక్టర్ ముక్కు చీదుకుంటూ అరిచాడు. ప్రొడ్యూసరమ్మాయి కుర్చీ దక్కింది.

పొడుగాయన కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఇదంతా నీ నిర్వాకమేనా?"

"క్షమించండి సార్. పొరపాటున..."

"నా మీద కూడా ఇలాంటి చిత్రం తీసి పెట్టారా?"

"పెట్టాం సార్."

పొడుగాయన వంగి, పొట్టాయనకి వినపడకుండా ఆమె చెవిలో అన్నాడు. "అయితే రేపు మధ్యాహ్నం అది వేసెయ్యమ్మా. వీడెంత ఏడుస్తాడో నేనూ చూడాలి!"