ఫింటన్ గారి మొక్క

ఫింటన్ మళ్ళీ ఆక్సిజన్ మాస్కు పీకేశాడు.

"నా మొక్కకి నీళ్ళెవరు పోస్తారు డాక్టర్?"

త్రినాథ్ ఓపిగ్గా మాస్కు తగిలించాడు. లెటర్‌కెన్నీ ఆసుపత్రి కోవిడ్ వార్డులో ముసలివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇంత అల్లరివాడు ఇంకొకడు లేడు. వయసులో డబ్లిన్ నాటకశాలల్లో నవ్వుల పాటలు పాడి పొట్టపోసుకున్నవాడు. ఇప్పటికీ ఒక పాట వదల్లేదు. పల్లవిలో మాటలేమీ లేవు, ఉత్త "టంటటం". చరణం ఎత్తుకోబోతే దగ్గు తెర కమ్మేస్తుంది. అందుకని ఆ పాట దేని గురించో వార్డులో ఎవరికీ తెలియదు.

"మీరు మాస్కు తియ్యకపోతే, మొక్క సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు త్రినాథ్.

ఫింటన్ కనుబొమలు ఎగరేశాడు. మాస్కు మాత్రం తియ్యలేదు.

మాటిచ్చినందుకు సెలవు రోజున బయల్దేరాడు త్రినాథ్. ఫింటన్ ఇల్లు ఎక్కడో సముద్రపు ఒడ్డున. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ప్రభుత్వ ఆంక్ష. దారిలో గార్డులు కారు ఆపారు. ఐర్లండ్‌లో పోలీసులను అలాగే అంటారు.

"పేషెంటు ఇంట్లో మొక్కకి నీళ్ళు పొయ్యాలి," అన్నాడు త్రినాథ్. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

"ఆసుపత్రి మీ వెనక వైపు ఉంది డాక్టర్, కారు తిప్పండి," అన్నాడు గార్డు మర్యాదగా.

తిరిగొచ్చి చెబితే భార్య కిరణ్మయి పకపకా నవ్వింది. "ఏటండీ, మన కిటికీలో తులసికే ఏనాడూ చుక్క నీళ్ళు పొయ్యలేదు మీరు. ఆ తాత మొక్క కోసం గార్డులతో తగువేటి?"

మర్నాడు ఫింటన్ మరీ నీరసంగా ఉన్నాడు. చెయ్యి మాత్రం మాస్కు మీదికే పోతోంది.

"నీళ్ళు పోశావా?"

ఇవ్వాల్సిన మందులన్నీ ఇచ్చేశాడు త్రినాథ్. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. నోటికొచ్చింది అనేశాడు.

"పోశాను. కొత్త ఆకు కూడా వేసింది."

ఫింటన్ ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూశాడు. తర్వాత మంచం ఊగిపోయేలా నవ్వాడు. "గ్రాండ్! ఏదీ, మళ్ళీ చెప్పు!"

ఆ రోజునుంచీ అదే వైద్యం. త్రినాథ్ రావడం, ఆకు సంగతి చెప్పడం, ఆయన మాస్కులోంచే "టంటటం" అనడం.

"కిటికీ తెర అందుకుందా?"

"అందుకుంది."

"పైకప్పు?"

"ఇంకో జానెడు."

మొక్క మీద ఇంత ప్రేమ ఏమిటో త్రినాథ్‌కు అర్థం కాలేదు. తన తాత గుర్తొచ్చాడు. ఆయనా నాటకాల్లో హాస్యగాడే. అత్తారింట్లో గారెలు తలపాగాలో దాచుకున్న అల్లుడి పాట పాడితే జనం పొర్లి పొర్లి నవ్వేవారట. ఆ పాటే గుర్తున్నంత మేరకు ఫింటన్‌కు పాడి వినిపించాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముసలాయన మంచం కమ్మీ మీద తాళం వేశాడు.

ఇంటికెళ్ళాక మాత్రం త్రినాథ్‌కు తాళం వేసిన ఆ ఇల్లు, అందులో వడలిపోతున్న కుండీ కళ్ళముందు మెదిలేవి. ఫింటన్ కోలుకుని ఇంటికెళ్ళి, ఎండిన మొక్కను చూసి తనను నానా తిట్లూ తిడితే చాలుననుకున్నాడు. అంతకన్నా ఏమీ కోరలేదు.

ఆ తిట్లు తినే రాత అతనికి లేదు. ఒక వాన పొద్దున ఫింటన్ పోయాడు. అంతకు కాస్త ముందు కూడా త్రినాథ్ వంగి చెవిలో చెప్పాడు, ఆకు పైకప్పు తాకిందని. ముసలాయన పెదవులు కదిలాయి. అది పల్లవో, నవ్వో తెలియలేదు.

ఫింటన్‌కు ఉన్న ఒక్క బంధువు అన్న కూతురు మార్తా. వాటర్‌ఫోర్డ్‌లో ఉంటుంది, ఆమెనూ రానివ్వలేదు. ఫోన్లోనే కబురు చెప్పాడు త్రినాథ్.

"ఇంకో మాటండీ. ఆయన మొక్కకి నీళ్ళు పొయ్యడానికి నేను వెళ్ళలేకపోయాను. ఎండిపోయినా ఫరవాలేదు, దాన్ని నాకిప్పించండి. నా దగ్గర పెట్టుకుంటాను."



"మొక్కేమిటి డాక్టర్," అంది మార్తా, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో, "బాబాయి ఇంట్లో ఏనాడూ మొక్క లేదు, అది ఆయన పాట... ఇంటి యజమానురాలు ఆసుపత్రిలో ఉంటే, ఆవిడ మొక్కకి చుక్క నీళ్ళు పొయ్యకుండా, రోజూ వెళ్ళి కొత్త ఆకేసిందని చెప్పే అద్దెకుర్రాడి పాట!"