దించని అద్దం

"మామయ్య నా కార్లోనే వస్తారు," అన్నాడు చిన్నల్లుడు, చక్రాల కుర్చీ పిడి వదలకుండా.

ఆసుపత్రి మెట్ల ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి. ముందున్నది పెద్దల్లుడి డీజిల్ కారు. ఏసీ వేసి సిద్ధంగా ఉంచాడు. వెనకున్నది చిన్నల్లుడి కరెంటు కారు. కుర్చీలో మోకాలి ఆపరేషన్ అయిన మామగారు. మిట్టమధ్యాహ్నపు ఎండ మాడు పగలగొడుతోంది.

పెద్దల్లుడు నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం పాలు కాస్త ఎక్కువే. పోయిన నెల ఇదే దారిలో బ్యాటరీ ఇంటిదాకా రాదేమోనని చిన్నల్లుడు ఏసీ కట్టేస్తే, మామగారు ఉడికిపోయి సగం దారిలో దిగి పెద్దల్లుడి కారెక్కేశారు. అప్పట్నుంచీ ఇంట్లో నలుగురు చేరితే చాలు, "కుంపటి కారు" అన్న మాట రాక మానదు.

"ఆపరేషనైన మనిషిని మళ్ళీ ఆ కుంపట్లో కూర్చోబెడతావా తమ్ముడూ?"

"అద్దాలకి సిరామిక్ ఫిల్మ్ వేయించానన్నయ్యా. రాత్రే కారు తెచ్చుకున్నాను."

పెద్దల్లుడు వంగి చూశాడు. అద్దాలు తళతళలాడుతున్నాయి గానీ నలుపు ఛాయే లేదు. ఫిల్మేదని అడిగాడు. చిన్నల్లుడికి కావలసిందీ అదే. షాపులో విన్న పాఠమంతా అప్పజెప్పాడు. ఇది నల్ల కాగితం లాంటిది కాదు, వెలుతురుని రానిచ్చి వేడిని చాలావరకు బయటే ఆపేస్తుంది. లోపల వేడి తగ్గితే ఏసీకి పని తగ్గుతుంది, ఏసీకి పని తగ్గితే బ్యాటరీ మిగులుతుంది. పెద్ద లైటు ముందు రెండు గాజు పలకలు పెట్టి చూపించారట. ఉత్త గాజు వెనక చెయ్యి పెడితే చురుక్కుమంది, ఫిల్మ్ ఉన్నదాని వెనక హాయిగా ఉంది.

"ఇది కంటికి కనబడదన్నయ్యా, ఒంటికే తెలుస్తుంది," అని ముగించాడు.

మీ పంతాలు తేలేదాకా నన్నిలా ఎండబెడతారా, ఏదో ఒక దాంట్లో ఎక్కించి పుణ్యం కట్టుకోండన్నారు మామగారు. చిన్నల్లుడు మరి ఆలస్యం చేయలేదు. ఇవాళగానీ ఆయన్ని చల్లగా ఇల్లు చేర్చలేకపోతే, ఇక జన్మలో తన కారెక్కరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

సామాను సర్దుకుని అక్కతో పాటు పెద్దల్లుడి కారెక్కబోతున్న చిన్నల్లుడి భార్యకి అప్పుడే ఫోనొచ్చింది. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకునే పరుగున వచ్చి, కదులుతున్న కారు అద్దం మీద టకటకా కొట్టింది. ఏదో చెబుతోంది. చిన్నల్లుడు చూపుడువేలు అడ్డంగా ఊపాడు. మూడు రోజులు అద్దాలు దించొద్దని, దించితే ఫిల్మ్ అంచులు లేచిపోతాయని తాళాలిస్తూ మరీ మరీ చెప్పారు షాపువాళ్ళు. అయినా ఆమె చెప్పేదేముంటుంది? నాన్నని బావగారి కార్లో పంపుదామనేగా. దేవుడే దిగొచ్చి కొట్టినా ఈ అద్దం దించేది లేదనుకుని కారు ముందుకు పోనిచ్చాడు.

గేటు దాటారో లేదో మామగారి ఫోను మోగింది. కూతురే. ఆయన ఊఁ కొడుతూ చాలాసేపు విన్నారు. చివరికి, "సరేలేమ్మా, నేను చూసుకుంటాను," అని పెట్టేశారు.

"ఏమంటోంది మామయ్యా?"

"ఏముంది, నెమ్మదిగా తీసుకురమ్మంటోంది." కాస్త ఆగి, బ్యాటరీ ఎంతుందని అడిగారు.

పొద్దుట్నుంచీ మందుల కోసం తిరగడంతో సగం కూడా లేదు. ఆ మాటే చెప్పి, ఫిల్మ్ ఉందిగా, ఏసీ సన్నగా పెట్టినా సరిపోతుందని ధైర్యం చెప్పాడు చిన్నల్లుడు.

"అలాగే ఉండనీ బాబూ. పెంచకు."

సిగ్నల్ దగ్గర ఆగితే చిన్నల్లుడి మెడ వెనక చెమట జారింది. కంగారు వల్ల అనుకున్నాడు. గుండె దిటవు చేసుకుని, వెనకాల ఎలా ఉందని అడిగాడు. భేషుగ్గా ఉందన్నారు మామగారు. వంతెన మీద మళ్ళీ అడిగితే, ఇంకాస్త చల్లబడితే దుప్పటి అడగాల్సి వచ్చేదన్నారు. అల్లుడి ఛాతీ ఉప్పొంగిపోయింది. ఇల్లు చేరేసరికి బ్యాటరీ ఇంకా మిగిలే ఉంది.

అప్పటికే వచ్చేసిన పెద్దల్లుడు వాకిట్లో కాచుకుని ఉన్నాడు. చిన్నల్లుడు కారు దిగి, వెనక తలుపు తీసి, అందరూ వినేలా అడిగాడు.

"మీరే చెప్పండి మామయ్యా, ప్రయాణం ఎలా ఉంది?"

"ఆసుపత్రి ఏసీ గదిలో కూడా ఇంత హాయిగా లేదయ్యా," అన్నారు మామగారు, సీట్లోంచి కదలకుండానే.

పెద్దల్లుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అద్దాన్ని గోటితో గీకి చూశాడు, లోపలికీ బయటికీ రెండుసార్లు తొంగిచూశాడు. చివరికి గొంతు సవరించుకుని, ఆ షాపెక్కడో తనకీ చెప్పమన్నాడు. చిన్నల్లుడికి ఈ జన్మకిది చాలనిపించింది. భార్య మాత్రం ఎందుకో చేత్తో నోరు మూసుకుని అటు తిరిగి నిలబడింది.

మామగారిని దింపడానికి చిన్నల్లుడు ఆయన వీపు వెనక చెయ్యి వేశాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. మామగారు అతని మెడ చుట్టూ చెయ్యి వేసి లేస్తూ, అతనికి మాత్రమే వినబడేలా చెప్పారు.

"ఇందాక అమ్మాయికొచ్చిన ఫోను షాపువాళ్ళదే. అద్దాలు కడిగి, ఫిల్మ్ వెయ్యకుండానే పొరపాటున నీకు కారిచ్చేశారట. రేపు పొద్దున్నే వెళ్ళి వేయించుకురా బాబూ, కుట్లు విప్పించుకోవడానికీ నేను నీ కార్లోనే వెళ్తాను."