పార చప్పుడు

టాడ్ పాట రికార్డింగు మొదలుపెట్టే ముందు, దాని రొద పడకుండా భార్య కారిన్ ఫ్రిజ్ ప్లగ్ పీకేసి, కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టేది.

తాళాల కోసం తెరిచినప్పుడైనా ప్లగ్ సంగతి గుర్తొస్తుందని. ఒక చలికాలానికి సరిపడా దుప్పి మాంసం కుళ్ళిపోయాక కనిపెట్టిన ఉపాయం అది.

అమెరికాలో, ఓడలు తిరిగేంత పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో వాళ్ళింటి నేలమాళిగే టాడ్ స్టూడియో. బట్టలుతికే మిషన్ పక్కన ఒక మైకు, ఒక గిటారు, ఒక కంప్యూటరు.

చేస్తున్నది రాక్ ఆల్బమ్. పాటలన్నీ సంసారం మీదే. కూతురు బ్రిటా పాల పన్ను మీద ఒకటి, పెళ్ళాం అలకల మీద రెండు. రెండెందుకని కారిన్ అడిగితే, ఒకదాంట్లో పట్టలేదన్నాడు.

సంసారం మీద పాడుతున్నంతసేపూ సంసారం చప్పుడు చేయకూడదు. మేజోళ్ళతోనే నడవాలి. టాయిలెట్‌లో నీళ్ళు వదలకూడదు. తుమ్మొస్తే దిండులోనే తుమ్మాలి.

"పాటలో నన్నంత ముద్దు చేస్తాడు, పైకొస్తే కసురుతాడేంటమ్మా?" అంది తొమ్మిదేళ్ళ బ్రిటా.

"పాటలో నువ్వు తుమ్మవు కదే."

తొమ్మిది పాటలు అయ్యాయి. పదోది కదలడం లేదు. అది టాడ్ తండ్రిది.

ఆయన సరుకు ఓడల్లో పనిచేసేవాడు. టాడ్‌కి నాలుగేళ్ళప్పుడు సరస్సు మింగేసిందని కారిన్ అత్తగారు చెప్పేది. శవం దొరకలేదట. ఇంట్లో ఒక్క ఫోటో కూడా ఉంచలేదావిడ. ఆవిడా పోయి రెండేళ్ళయింది.

తండ్రి నుంచి టాడ్‌కి మిగిలింది ఒక్క బాణీ. కొడుకుని నిద్రపుచ్చడానికి ఆయన సొంతంగా కట్టుకున్నది. పిల్లాడు సగంలోనే నిద్రపోయేవాడేమో, గుర్తున్నది సగమే.

మిగతా సగం తనే కడదామని రెండు నెలలుగా తంటాలు పడుతున్నాడు. ఏం కట్టినా అతుకు తెలిసిపోతోంది. ఆ పాట లేకుండా ఆల్బమ్ బయటికి రాదని భీష్మించుకుని కూర్చున్నాడు.

దానికి తోడు పార ఒకటి.

ఆ చలికాలమంతా, మంచు పడినప్పుడల్లా ఎర్రటోపీ పెద్దాయన ఒకడు వచ్చి పారతో వాళ్ళ వాకిలి శుభ్రం చేసిపోతున్నాడు. ఏ చర్చివాళ్ళో పంపిస్తున్నారనుకున్నారు. ఊరికే మేలు చేసే మనిషిని పేరడగడం అక్కడ మర్యాద కాదు. కారిన్ మెట్టు మీద కాఫీ ఫ్లాస్కు పెట్టేది. ఆయన తాగి, మంచుతో తుడిచి, మళ్ళీ మెట్టు మీదే పెట్టి వెళ్ళేవాడు.

నేలమాళిగ కిటికీ సరిగ్గా ఆ వాకిట్లోకే ఉంది.

మార్చిలో ఒక శనివారం పొద్దున, తండ్రి పాటకి పదమూడో టేక్. టాడ్ సగం దాకా వచ్చి ఆగాడు. ఆ నిశ్శబ్దంలో మైకులోంచి చెవుల్లోకి బర్రుమంది పార.

చెవుల మీది హెడ్‌ఫోన్లు విసిరికొట్టి పైకి వచ్చాడు. పాట చెడిందని తెలిసి కారిన్ ఫ్రిజ్ ప్లగ్ పెట్టేసింది. అది గురక అందుకుంది. టాడ్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఒక్కో ముడికి ఒక్కో తిట్టు తిట్టాడు. అంత కోపంలోనూ మేజోళ్ళతో మంచులోకి వెళ్ళలేడు కదా.

కారిన్ వెనకే వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది.

"పెద్దాయనా, కింద మా నాన్న మీద పాట రికార్డు చేసుకుంటున్నాను. మీ పార గోలలో ఒక్క ముక్క దక్కడం లేదు."

పెద్దాయన పార నిలబెట్టి, పిడి మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఆయనంటే కోపం లేదా?"

"చచ్చిపోయినవాడి మీద కోపమేంటండీ? బతికుండీ రాకపోతే అప్పుడు చెప్పేవాణ్ణి."

పెద్దాయన కాసేపు కిటికీ వైపు చూశాడు.

"నిజమే బాబూ. ఇంక చప్పుడు చేయనులే."

పార మెట్టుకి ఆనించి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఫ్లాస్కు ముట్టుకోలేదు.

తర్వాత రెండుసార్లు మంచు పడింది. టాడే ఎత్తిపోసి నడుం పట్టేసుకున్నాడు. మీ చర్చి మనిషి ఏడని కారిన్ మీద ఎగిరాడు. నీ పాటకి జడిసి ఊరొదిలేశాడంది కారిన్.

ఏప్రిల్‌కి మంచు కరిగింది, టాడ్ పట్టుదలా కరిగింది. తొమ్మిది పాటలే చాలు, చెడిపోయిన టేకులన్నీ తీసిపారెయ్యమని భార్యకి చెప్పి పనిలోకి వెళ్ళాడు.

ఉతికిన బట్టలు మడతపెడుతూ కారిన్ ఒక్కోటీ విని తీసేస్తోంది. దగ్గు, శ్రుతి తప్పిన తీగ, దిండు దాటి వచ్చిన బ్రిటా తుమ్ము.

పదమూడోది వచ్చింది. టాడ్ గొంతు సగం దగ్గర ఆగింది. పార బర్రుమంది. మెట్ల మీద దబదబ అడుగులు. కోపంలో రికార్డింగ్ ఆపడం మరిచిపోయాడన్నమాట.

కారిన్ ఆపబోయింది.

బయట పార తనంతట తనే ఆగింది. ఈల వినిపించింది.

టాడ్ ఆగిన చోటే అందుకుంది. తడుముకోకుండా సాగింది.

చేతిలో మేజోడు అలాగే పట్టుకుని, వెనక్కి తిప్పి మళ్ళీ వింది. అతుకు ఎక్కడో తెలియలేదు.

ఈల ఆఖరి స్వరానికి చేరి ఆగింది, తలుపు తెరుచుకున్న చప్పుడైంది, కన్నతండ్రిని టాడ్ "పెద్దాయనా" అని పిలిచాడు.