మెట్లు లేని గది

గది మధ్యలో ఎవడో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

గదంటే గది కాదు. కొండవాలు మీద నిన్న గీసిన సున్నపు గీతలు. అయినా ఇంటాయనకి చిరాకేసింది.

"లేవవోయ్! కునుకు తియ్యడానికి ఈ గదే దొరికిందా?"

ఆ మనిషి ఉలిక్కిపడి లేచాడు. గీత తొక్కకుండా, తలుపు కోసం వదిలిన ఖాళీలోంచి బయటికి నడిచి, రాళ్ళ తట్ట నెత్తికెత్తుకున్నాడు.

మేస్త్రి ప్లాను విప్పుతూ మళ్ళీ పాత పాటే అందుకున్నాడు.

"నా మాట వినండి సార్. రోడ్డేమో పైనుంది, స్థలమేమో కిందికి జారిపోతోంది. రోడ్డుకి సమంగా వచ్చేవి రెండే గదులు. ఒకటి పాపకిచ్చారు, బాగుంది. రెండోది ఎవరో చుట్టానికి వదిలేసి, మీరిద్దరూ బతుకంతా మెట్లెక్కి దిగుతారా?"

"దిగుతాం."

"ఇంతకీ ఎవరు సార్ ఆ చుట్టం?"

ఇంటావిడ నవ్వింది. "ఆయనకే తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఆ గదికి కర్టెన్లు చూసిపెట్టారు."

"మన పిల్లని వీపున మోసుకుని అంత లోయ ఎక్కాడే! అలాంటివాడి చేత మళ్ళీ మెట్లెక్కించనా?" అన్నాడు ఇంటాయన.

స్కూలు బస్సు లోయలో పడ్డ రోజు, ఎవరో వాళ్ళ అమ్మాయిని ఆసుపత్రి గుమ్మంలో పడుకోబెట్టి వెళ్ళిపోయారు. ఊరూ పేరూ చెప్పలేదు. అమ్మాయి కాళ్ళు చచ్చుబడినా ప్రాణం దక్కింది. ఆ మనిషి ముఖం ఆమెకి గుర్తులేదు. ఎగఊపిరితో ప్రతి రాయి దగ్గరా "ఇంకొక్కటే తల్లీ" అన్న మాటే గుర్తుంది.

ఆయన కోసం ఇంటాయన వెతకని చోటు లేదు.

"అన్నట్టు, ఆ కొత్తవాడెవరు? గీత కూడా చెరపకుండా నడిచాడు. కాస్త నీడపట్టున పని చూపించు," అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి నీళ్ళు నమిలాడు. "ముందే చెప్పాల్సింది సార్. జైలు నుంచి వచ్చాడు, ఎవరూ పనివ్వట్లేదని జాలిపడి... ఆ బస్సు డ్రైవర్ వాడే."

ఇంటాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురెళ్ళి ఆ తట్ట లాగి పారేశాడు.

"ఆ బస్సు నడిపింది నువ్వేనా?"

"నేనేనండి."

"పసిపిల్లల్ని లోయలో వదిలేసి పారిపోయింది నువ్వేనా?"

అతను తల దించుకున్నాడు. "జనం వచ్చేసరికి నేనక్కడ లేనండి. నిజమే."

"ఎలా కాళ్ళాడాయిరా నీకు?"

"ఒక్కణ్ణే అండీ. రెండే చేతులు..."

చెంప పేలింది.

"సాకులు చెప్తున్నావా!"

"మీ పాప ఎలా ఉందండీ?" అన్నాడతను, చెంప తడుముకోకుండా.

"నీ పుణ్యమా అని కుర్చీలో కూర్చుంది. పో, చూసి సంతోషించు!"

"నా బిడ్డ ఉసురు నీకు తగలకపోదు," అంది ఇంటావిడ.

అతని పెదాలు కదిలాయి. మాట రాకముందే ఇంటాయన రెండు చేతులా తోశాడు. అతను వాలు మీద దొర్లుకుంటూ వెళ్ళి, అట్టడుగున రాళ్ళ కుప్పకి కొట్టుకుని ఆగాడు.

కూలీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ దిగలేదు.

"ముందు ఈ గది కడగండి," అన్నాడు ఇంటాయన రొప్పుతూ. "ఒక మంచి మనిషి ఉండాల్సిన చోటు. ఇలాంటి వెధవ పడుకున్నాడు."

నీళ్ళు చల్లించాడు. చెరిగిన గీతల మీద తన చేత్తోనే కొత్తగా సున్నం పోశాడు. అప్పటికి గానీ కడుపుమంట చల్లారలేదు.

ఆ పక్కన అతను చేతులూ మోకాళ్ళూ ఊతంగా పైకి పాకడం ఓరకంట చూశాడు. వాలు చివర, రోడ్డంచున, అమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. అతను ఆమెని దాటుతూ ఒక్క క్షణం ఆగాడు. ఆ కాళ్ళవంక చూశాడు. వెళ్తున్న లారీని ఆపి ఎక్కేశాడు.

ఇంటాయన చేతులు దులుపుకుని కూతురి దగ్గరికి వచ్చాడు.

"భయపడ్డావా అమ్మా? పీడ విరగడైంది. ఇక ఈ ఛాయలకి రాడు."

అమ్మాయి ఖాళీ రోడ్డునే చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎవరు నాన్నా ఆయన? వీపు మీద ఎవరూ లేకపోయినా, ప్రతి రాయి దగ్గరా 'ఇంకొక్కటే తల్లీ' అనుకుంటూ ఎక్కాడు."