విరగని కాలు

“నువ్వు జారిపడాలి. అంతే. మిగతాదంతా నేను చూసుకుంటాను,” అన్నాడు ప్లీడరు.

హోటల్ గదిలో మంచం అంచున కూర్చుని, మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుంటున్న టైలరు చెయ్యి ఆగిపోయింది.

“నేనే ఎందుకురా?”

“మా ఇద్దర్నీ ఎవడు మోస్తాడు?” అన్నాడు డ్రాయింగు మాస్టారు, తన పొట్టనీ ప్లీడరు పొట్టనీ చూపిస్తూ.

ముగ్గురూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. స్కీ జంపింగ్ పిచ్చి మాత్రం టైలరుది. మనిషన్నవాడు కాళ్ళకు రెండు పలకలు కట్టుకుని, కొండమీంచి జారి, పిట్టలా గాల్లోకి లేవడం కొట్లో టీవీలో చూసి చూసి, చచ్చేలోగా ఒక్కసారైనా కళ్ళారా చూడాలని మిగతా ఇద్దరి ప్రాణాలూ తోడేశాడు. తీరా దేశంకాని దేశం వస్తే, దొరికింది ఆఖరి వరస. నిన్నటి తొలి పోటీల్లో ఎగిరింది మనిషో కాకో పోల్చుకోలేకపోయారు. టైలరు గదికొచ్చాక ముద్ద ముట్టలేదు. ఆ మొహం చూడలేకే ప్లీడరు ఈ పన్నాగం పన్నాడు.

దెబ్బలు తగిలినవాళ్ళను చేర్చే గుడారం, ఎగిరినవాళ్ళు వచ్చి వాలే చోటికి సరిగ్గా ఎదురుగా ఉంది. రోగి వెంట ఇద్దర్ని రానిస్తున్నారు కూడా. ఆ సంగతి నిన్ననే కనిపెట్టేశాడు.

“దొరికిపోతే?” అన్నాడు టైలరు.

“బయటికి గెంటుతారు. మహా అయితే ఈ దేశంలోంచే గెంటుతారు.”

జానెడు గుడ్డ మిగిలినా మనిషిని వెనక్కి పిలిచి మరీ చేతిలో పెట్టే రకం టైలరు. అలాంటివాడు, ఫైనల్ మొదలవబోయే ముందు, ప్లీడరు సైగగా దగ్గగానే మెట్ల పక్క మంచుమీద దభీమని కూలబడ్డాడు. “చచ్చాన్రోయ్” అనాల్సింది. కంగారులో పక్కవాళ్ళకు “సారీ” చెప్పాడు. ఆ లోటు మాస్టారు పూడ్చాడు. ఆయన పెట్టిన గావుకేకలకు స్ట్రెచరు మోసుకొచ్చినవాళ్ళు ముందు ఆయన్నే పడుకోబెట్టబోయారు.

టైలర్ని గుడారంలోకి చేర్చి, వాళ్ళ భాషలో ఏదో చెప్పి, వాళ్ళు వెనక్కి పరిగెత్తారు.

లోపల ఒక్క డాక్టరమ్మే ఉంది. తెల్లకోటు, మొహానికి మాస్కు, చెవులమీదికి లాక్కున్న ఉన్నిటోపీ. గుడారానికి ఎదుటి గోడంతా అద్దంలాంటి ప్లాస్టిక్ పరదా. దాని అవతల పాతికడుగుల్లో కొండవాలు! టైలరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

“మూలగరా! కొండకేసి కాదు, కాలికేసి చూడు,” అని గిల్లాడు ప్లీడరు.

ఏ కాలన్నట్టు చెయ్యి తిప్పింది డాక్టరమ్మ. టైలరు ఎడమకాలు పట్టుకున్నాడు. అదే క్షణంలో ప్లీడరు కుడికాలు చూపించాడు. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కిమ్మనకుండా రెండు కాళ్ళకూ కట్టు కట్టేసింది.

“ఒరేయ్, నెమ్మదిగా మాట్లాడండి,” అన్నాడు టైలరు.

“మన తెలుగు ఈవిడకేం తెలుస్తుంది? ఎవరోగానీ వట్టి అమాయకురాలు. విరగని కాలు కూడా విరిగిందనుకుంటోంది!” అని నవ్వాడు మాస్టారు.

డాక్టరమ్మ మాస్కు ఒక్కసారి కదిలింది. దగ్గొచ్చినట్టుంది.

టైలరు కన్ను అలవాటుకొద్దీ ఆవిడ కోటుమీద పడింది. చేతులు రెండంగుళాలు పొడుగు, భుజాలు జారిపోతున్నాయి. పాపం, కొలతలు తీసినవాడెవడో చేతకాని వెధవ అనుకున్నాడు.

ఇంతలో పోటీ మొదలైంది. మొదటివాడు కొండకొమ్ము మీంచి లేచి, తలకాయ ముందుకు చాచి, గాలిమీద పడుకున్నట్టే వచ్చాడు. ఒంటిమీది గుడ్డ రెపరెపలాడటం వినిపించింది. మంచుమీద పలకలు టప్పున ఆనిన చప్పుడు టైలరు గుండెలో మోగింది. మూలగడం మర్చిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరమ్మ నొప్పి అనుకుందో ఏమో, తలకింద ఇంకో దిండు సర్ది, స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. పోటీ చివరికొస్తుండగా కాపలావాడొకడు తల లోపలికి పెట్టి ఏదో గద్దించి అడిగాడు. ఆవిడ కట్లు చూపించి, వేలు పెదవులమీద పెట్టి, వాణ్ణి పంపేసింది.

అక్కడితో టైలరు గుండె నీరైపోయింది.

“ఇంక నావల్ల కాదురా. ఆ తల్లి మనల్ని నమ్మి వాణ్ణి వెనక్కి పంపేసింది.”

“ఇంకొక్కడేరా మిగిలింది! నువ్వు ఇంతదూరం వచ్చిందే వాడికోసం. రెండు నిమిషాలు ఓర్చుకో,” అని ప్లీడరు బతిమాలాడు.

కొండమీద చివరివాడు సిద్ధమవుతున్నాడు. టైలరు అటు ఒక్కసారి ఆశగా చూశాడు. తర్వాత కట్లు కట్టిన రెండు కాళ్ళమీదా నిటారుగా లేచి నిలబడి, డాక్టరమ్మకు చేతులు జోడించాడు.

“మీకు అర్థం కాకపోయినా చెప్పాలమ్మా. నా కాళ్ళకేం కాలేదు. దగ్గర్నించి చూడాలని ఆడిన దొంగనాటకం ఇది. పోలీసులకు పట్టిస్తే నన్నే పట్టించండి, వీళ్ళని వదిలెయ్యండి.”

ప్లీడరు కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు గుమ్మంవైపు ఒక్కో అడుగే జరుగుతున్నాడు.

డాక్టరమ్మ మాస్కు గడ్డంకిందికి లాగింది. మెడ ఇటు చాపింది, అటు చాపింది. చివరికి విసుగ్గా చెయ్యి విదిలించి, మంచి తెలుగులో కసిరింది:

“అబ్బ, అడ్డం తప్పుకోండి అన్నయ్యగారూ, చివరివాడు ఎగిరేస్తున్నాడు! నేను మాత్రం డాక్టర్నా ఏంటి?”