రంగుల కాలువలో పురుగులు

1961 మార్చి తొమ్మిది రాత్రి, పక్కింటి కుళ్ళాయమ్మ పంపిన సంగటి, చెనిక్కాయల పచ్చడి తిని, సైన్సు మాస్టారు గోవిందరాజులు లాంతరుతో పెరటి గడప మీద కూర్చున్నాడు.

ధర్మవరంలో పట్టుకు అద్దే రంగుల నీళ్లు ఆ పెరటి కాలువలోకే వచ్చేవి. కప్పలు కూడా చచ్చే ఆ బురదలో ఎర్రటి సన్నపురుగులు తలలు దూర్చి, తోకలు ఆడిస్తుండేవి. ఎవరి అడుగుకైనా నేల అదిరితే చటుక్కున లోపలికి పోయేవి.

“ఆ విషంలో ఎట్ల బతుకుతాండాయి సార్?” గోడవతల నుంచి అడిగింది కుళ్ళాయమ్మ.

“పుట్టమ్మ పోయినా నేను బతికుండలా? నీ సంగటి పుణ్యం, తల్లీ.”

“చాల్లే సార్, పండుకోపో.”

ఆమె వెళ్లింది. అతను కదల్లేదు. అయినా కాలువ చివరి పురుగులు మాయమయ్యాయి. తర్వాత కాస్త ఇవతలివి. రెండడుగుల మేర, ఒక విరామం, మళ్లీ రెండడుగులు. బతికున్నప్పుడు మోకాలి నొప్పితో అతని భార్య పుట్టమ్మ అట్లాగే నడిచేది.

“వచ్చినావా, అంతే చాలు,” అన్నాడు.

గడప మీది నుంచి తప్పుకుని, ఆమె లోపలికి పోయేంత సేపు ఆగి, మెల్లగా తలుపు మూశాడు.