కూజాలో నీళ్ళు

వినగడప దాటాక, చెట్టు నీడైనా లేని చోట మొహిద్దీన్ టాక్సీ ఆపాడు. వెనక సీట్లో రిబ్కా టీచర్ ఒక్కతే ఉంది.

"ఇక్కడెందుకాపారు భాయ్? ఇంజను వేడి చూపించే ముల్లు సగంలోనే ఉందిగా."

"నీళ్ళడుగుతోందమ్మా," అన్నాడు అద్దంలోకి చూడకుండా.

"బండా?"

"బండి నీళ్ళు తాగదమ్మా. పంపు తిప్పుతుంటే ఉన్న నీళ్ళే ఇంజనంతా తిరిగి వేడి లాక్కొస్తాయి. రేడియేటర్లో గాలికి చల్లారి మళ్ళీ లోపలికే పోతాయి."

రిబ్కా చూపు రోడ్డు పక్క మట్టి మీదికి పోయింది.

పోయిన మే నెలలో ఇక్కడే రబ్బరు పైపు చీలి, ఆ నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. వెనక సీట్లో, తిరువూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్న ముసలావిడ పడుకుని ఉంది. మొహిద్దీన్ పైపుకి గుడ్డ చుట్టి కట్టాడు. మిగిలింది కూజాలో నీళ్ళే. ఆవిడ "కాసిని నీళ్ళు" అంది. అతను వాటిని రేడియేటర్లో పోశాడు.

బండి కదిలింది. ఆసుపత్రి చేరేసరికి ఆవిడ ప్రాణం పోయింది.

మొహిద్దీన్ కూజాతో దిగాడు. బానెట్ ఎత్తలేదు. సగం నీళ్ళు రోడ్డు పక్క మట్టిలో వంపాడు.

"ఎప్పుడొచ్చినా ఇక్కడ నన్నడుగుతూనే ఉందమ్మా."

రిబ్కా దిగివచ్చి అతని చేతిలోంచి కూజా అందుకుంది.

"మా అమ్మ అడిగింది మిమ్మల్ని కాదు భాయ్. ఆ రోజు ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది. నీళ్ళు బండిలో పోసెయ్యమన్నది నేను."